ప్రధాన సంఖ్యల ప్రోగ్రాం ఎక్కడ తప్పుతది

నల్లగొండ

బిడ్డా,

ఇచ్చిన సంఖ్య ప్రధానమా కాదా అని చెప్పే నీ సి ప్రోగ్రాం చూసిన. 9 ఇస్తే ముందు "ప్రధానం", ఆ వెంటనే "కాదు" అని రెండూ పడుతున్నయన్నవ్ గద. తప్పు ఎల్స్ (షరతు కుదరకుంటే చేసే పని) దగ్గర ఉన్నది, దాన్ని లూప్ (భాజకాలను ఒక్కొక్కటిగ చూసుకుంట మళ్లమళ్ల నడిచే భాగం) లోపల పెట్టినవ్. 2తోటి భాగిస్తే శేషం 1 వచ్చింది, 3 సంగతి చూడకముందే తీర్పు చెప్పేసింది. కాదు అనడానికి ఒక్క భాజకం చాలు, అవును అనడానికి మాత్రం అన్నీ చూసి అయిపోవాలె. లూప్‌కు ముందు ఫ్లాగ్ (ప్రధానమైతే 1, కాకుంటే 0 అని గుర్తుపెట్టుకునే విలువ) 1 పెట్టు. శేషం 0 వస్తే ఫ్లాగ్‌ను 0 చేసి బ్రేక్ కొట్టు, లూప్ అక్కడనే ఆగుతది. ప్రింట్ లూప్ బయట ఒక్కసారే.

లూప్ ఎందాక నడవాలె? ఎన్ (మనం ఇచ్చిన సంఖ్య) దాకా అక్కర్లేదు, దాని వర్గమూలం దాకా చాలు. భాజకాలు జంటలుగ ఉంటయి, 91కి 7, 13 లెక్క. రెండూ వర్గమూలం కన్న పెద్దవైతే లబ్ధం ఎన్‌ను దాటిపోతది, అందుకే ఒకటన్నా లోపల దొరకాలె. మన నల్లగొండ పిన్‌కోడు 508001 వేసి చూడు. గరిష్ఠంగ 712 దాకా పోవాలె, కానీ 13 దగ్గరనే ఆగుతది: 13 × 39077. మీ మిర్యాలగూడ 508207 అయితే 7 దగ్గరనే. పాలమూరు 509001కి కంప్యూటరే దండగ, అంకెలు కూడితే 15, అంటే 3తోటి భాగమైతది.

వర్గమూలం ఫంక్షన్ వాడకు, అది దశాంశాల్ల లెక్క చేస్తది. లూప్ షరతు "ఐ × ఐ ≤ ఎన్" అని రాయి, ఐ అంటే అప్పుడు భాగించి చూస్తున్న సంఖ్య. అందుల సమానం గుర్తు మరిస్తే 25, 49, 121 అన్నీ ప్రధానాలైతయి. పైథాన్ల రాసేటోళ్లకు ఇదే తప్పు రేంజ్ (లూప్ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా నడవాలెనో చెప్పేది) దగ్గర వస్తది, చివరి సంఖ్యను అది లెక్కలకు తీసుకోదు.

ఈ షరతుకూ ఒక గండం ఉన్నది. సి భాషల పూర్ణసంఖ్యను పెట్టుకునే చోటును ఇంట్ అంటరు. ఇంట్‌ల మామూలుగ పట్టే అతిపెద్ద సంఖ్య 2147483647. అది ప్రధానమని ఆయిలర్ 1772లనే తేల్చిండు. దాన్ని ఇస్తే ఐ 46341కి చేరంగనే ఐ × ఐ విలువ 2147488281, ఇంట్‌ల పట్టదు. మామూలుగ రుణ సంఖ్యగ మారిపోతది, షరతు నిజంగనే ఉంటది, లూప్ ఆగదు. చివరికి ఐ పోయి ఎన్‌నే తాకుతది, శేషం 0 వచ్చి "కాదు" అని అబద్ధం చెప్తది. "ఐ ≤ ఎన్ / ఐ" అని రాస్తే ఈ బాధ లేదు.

2 కన్న తక్కువ ఏది ఇచ్చినా ముందే కాదనిపించు, లేకపోతే 1కి లూప్ నడవనే నడవదు, ఫ్లాగ్ 1గనే మిగిలి ప్రధానమైపోతది. 2ను విడిగ అవుననిపించి, మిగిలిన సరి సంఖ్యలను తీసేసి, 3 నుంచి రెండేసి చొప్పున పో. పని సగమైతది.

అంతా అయినంక 1 నుంచి 1000 దాకా ఎన్ని ప్రధానాలున్నయో దానితోటే లెక్కపెట్టించు. 168 రావాలె. 169 వస్తే 1ని కలుపుకున్నది, 167 వస్తే 2ను సరి సంఖ్యల్ల పారేసింది. 178 వస్తే సమానం గుర్తు పోయినట్టు, 9 నుంచి 961 దాకా పది వర్గాలు లోపలికి జొరబడ్డయి.

మీ పెద్దనాయిన