సముద్రం ఒడ్డు ఊళ్లో పడవ ఇంజన్ల షెడ్డు పెట్టాలంటే ముందు మంచినీళ్లు చూసుకోండి

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. ఎనిమిదేళ్లు గుజరాత్‌లోని వెరావల్ బోట్లలో పనిచేశాను, ఇంజను పని అక్కడే నేర్చుకున్నాను. ఇప్పుడు ఇంటికి వచ్చేశాను. మా ఊరు, పక్క రెండు ఊళ్లు కలిపితే 60 దాకా ఫైబర్ పడవలున్నాయి, ఎక్కువ వాటికి వెనక తగిలించే అవుట్‌బోర్డ్ మోటార్లే. పాడైతే ఆటోలో వేసుకుని టౌనుకు తీసుకెళ్లాలి, రెండు మూడు రోజులు వేట పోతుంది. ఊళ్లోనే షెడ్డు పెడదామనుకుంటున్నాను. చేతిలో లక్షన్నర ఉంది. ఎక్కడ పెట్టాలి, ఏం కొనాలి, లోను వస్తుందా?

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం చదివి చాలా సంతోషం వేసింది. వలస వెళ్లినవాళ్లు పని నేర్చుకుని వచ్చి సొంతూళ్లో షెడ్డు పెడతామంటే అంతకంటే ఏం కావాలి. అయితే ఒక మాట ముందే చెప్తాను. వెరావల్ ట్రాలర్లలో మీరు చూసినవి పడవ లోపల బిగించిన డీజిల్ ఇంజన్లు. అవుట్‌బోర్డ్ సంగతి వేరు, అది ఎక్కువగా పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో నడుస్తుంది, ఉప్పునీళ్లనే లోపలికి లాక్కుని చల్లబడుతుంది, సగం జబ్బులు ఆ ఉప్పు వల్లే వస్తాయి. పానా పట్టడం వచ్చు కదా అని దిగిపోకండి. విశాఖపట్నంలో సిఫ్‌నెట్ (కేంద్ర మత్స్య శిక్షణ సంస్థ) యూనిట్ ఉంది, కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది, అవుట్‌బోర్డ్ మీద శిక్షణ ఎప్పుడు పెడుతున్నారో స్వయంగా వెళ్లి అడగండి. కుదరకపోతే తెలిసిన మెకానిక్ దగ్గర రెండు నెలలు ఊరికే అయినా పనిచేయండి.

ఇక చోటు. ఒడ్డుకు ఎంత దగ్గరైతే అంత మంచిదని మీకు అందరూ చెప్తారు. నేను మాత్రం ఊళ్లోకి రమ్మంటాను. చిన్న మోటారు 40 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, ఇద్దరు మనుషులు మోసుకొచ్చేస్తారు, కాబట్టి షెడ్డు దాని దగ్గరికి వెళ్లక్కర్లేదు. ఒడ్డునైతే ఉప్పు గాలికి మీ పానాలు ఆరు నెలల్లో తుప్పు పడతాయి, విప్పిన కార్బొరేటర్‌లోకి ఇసుక ఎగిరిపడుతుంది. పైగా తీరంలో కట్టడాలకు సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ మండలి) నిబంధనలున్నాయి, పంచాయతీలో అడగకుండా రాయి కూడా వేయకండి.

చోటు ఖాయం చేసేముందు అక్కడి బోరు నీళ్లు నోట్లో పోసుకుని చూడండి. ఉప్పగా ఉంటే ఆ చోటు వద్దు, లేదంటే వాననీళ్లు పట్టుకునే ట్యాంకు కట్టుకోండి. ఈ పనికి మొదటి పనిముట్టు మంచినీళ్లే. షెడ్డుకు వచ్చిన ప్రతి మోటారునూ లోపలంతా మంచినీళ్లతో కడగాలి, తర్వాత నీళ్లలోనే నడిపి చూడాలి. పొడిగా స్టార్ట్ చేసి ‘నడుస్తోంది’ అని ఇచ్చేస్తే లోపల నీళ్లు లాగే రబ్బరు చక్రం, అంటే ఇంపెల్లర్, కాసేపట్లోనే మాడిపోతుంది. మోటారు నడిపి చూడ్డానికి డ్రమ్ము చాలంటారు, నాకైతే బావి వరలు నచ్చాయి. రెండు సిమెంటు వరలు ఒకదానిమీద ఒకటి పెట్టి, అడుగు సిమెంటుతో మూసి, కింద ఒక కుళాయి పెట్టించి, పైన మోటారు తగిలించడానికి మందపాటి చెక్క గట్టిగా బిగిస్తే ఏళ్లతరబడి కదలదు. నీళ్లు లాక్కునే జాలీ పూర్తిగా మునగాలి, ఫ్యాను (పడవను తోసే ప్రొపెల్లర్) తీసేసి న్యూట్రల్‌లోనే నడపాలి.

ఆ ఇంపెల్లర్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ ఒడ్డున పడవను ఇసుకమీదికే లాగుతారు, అల విరిగేచోట మోటారు నీళ్లతోపాటు ఇసుకనూ తాగుతుంది. అరచేతిలో సగం కూడా ఉండని రబ్బరు చక్రం అది. తీసి వెలుతురుకు పెట్టి ఒక్కో రెక్కనూ వేలితో వంచి చూడండి, రెక్క మొదలు దగ్గర వెంట్రుకంత చీలిక కనబడినా పారేయండి. రెక్క విరిగి ఉంటే కొత్తది వేసేసి ఊరుకోవద్దు, విరిగిన ముక్క ఎక్కడుందో దొరికేదాకా వెతకాలి. అది పైకి పోయి నీళ్లదారికి అడ్డం పడితే కొత్త ఇంపెల్లర్‌తో కూడా ఇంజను కాలిపోతుంది. మోటారు పక్కనుంచి సన్నగా చిమ్మే నీటిధార ఆగితే వెంటనే ఇంజను ఆపమని పడవవాళ్లందరికీ చెప్పండి.

మీకు ఎక్కువగా వచ్చే రెండోది గేరు నూనె కేసు. కింద మర విప్పగానే నూనె పాలలాగా తెల్లగా వస్తే లోపలికి నీళ్లు పోయాయన్నమాట, సీలు పోయింది. మన దగ్గర దానికి తరచూ కారణం వల దారమే. ఫ్యాను విప్పి వెనక చూడండి, నైలాన్ దారం షాఫ్టు చుట్టూ బిగుసుకుని సీలును కోసేస్తూ ఉంటుంది. నెలకోసారి ఫ్యాను విప్పి చూస్తే చాలా డబ్బు మిగులుతుంది. నూనె పోసేటప్పుడు కింది కన్నం నుంచే పోయాలి, పైకన్నంలోంచి వచ్చేదాకా. ముందు పై మర బిగించి, తర్వాతే కిందిది. వాషర్లు ప్రతిసారీ కొత్తవే.

లక్షన్నరలో పనిముట్లకు సగం కంటే తక్కువే పెట్టండి. మంచి పానాల సెట్టు, టార్క్ రెంచి, కంప్రెషన్ గేజి, ఫ్లైవీల్ పుల్లర్, మరలు పట్టేస్తే కొట్టి విప్పే ఇంపాక్ట్ డ్రైవరు చాలు, కంప్రెసరు తర్వాత చూసుకోవచ్చు. మిగతా డబ్బు విడిభాగాలకే. మీది దూరపు షెడ్డు, 200 రూపాయల సీలు లేక మోటారు నాలుగు రోజులు మూలన పడి ఉంటే టౌనుకీ మీకూ తేడా ఏముంది? అందుకే ఇవాళే ఆ 60 పడవల చుట్టూ తిరిగి, మోటారు బ్రాకెట్ మీదున్న పలకను ఫోటో తీసుకుని, ఏ కంపెనీ ఏ మోడల్ ఎన్ని ఉన్నాయో పుస్తకంలో రాసుకోండి. ఎక్కువగా ఉన్న రెండు మోడళ్లకే ఇంపెల్లర్లు, ప్లగ్గులు, సీళ్లు, వాషర్లు, స్టార్టరు తాడు, మోటారుకు బదులు తామే తుప్పు పట్టే జింకు ముక్కలు, షియర్ పిన్నులు ఉంచండి. మిగతావి పార్టు నంబరు వాట్సాప్‌లో పంపి విశాఖ నుంచి ఆర్టీసీ కార్గోలో తెప్పించుకోవచ్చు. షియర్ పిన్ను లేదని దాని బదులు మేకు కొట్టి మాత్రం పంపకండి. ఫ్యాను దేనికైనా తగిలితే పిన్ను విరిగి గేర్లను కాపాడాలి, మేకు విరగదు, గేర్లే విరుగుతాయి.

ప్రతి బోల్టుకూ మెరైన్ గ్రీజు పూసే బిగించండి. అల్యూమినియంలో స్టీలు బోల్టు ఉప్పునీటికి పట్టేస్తే తలకాయ తెగి చేతికొస్తుంది, ఆ ఒక్క బోల్టుకే పూట పోతుంది.

లోను విషయం. కేంద్ర ప్రభుత్వ ముద్రా పథకంలో శిశు కింద 50,000 వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు హామీ లేకుండా ఇస్తారు. ముందు చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించుకోండి, అది ఉచితం, ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. పడవవాళ్ల అప్పు బేరాల గురించి కూడా ఇప్పుడే తేల్చుకోండి, అందరూ మీవాళ్లే, కాదనలేరు. సామాను డబ్బు అప్పటికప్పుడు, కూలి మాత్రం వేట పడ్డాక అని గోడమీద రాసి పెడితే టెన్షన్ ఉండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధమే మీకు అసలు సీజను, పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. మార్చికల్లా షెడ్డు తెరవండి.

ప్రశ్న: మా ఆయన పడవ అలకు తిరగబడి మోటారు నీళ్లలో పడింది. ఒడ్డుకు తెచ్చి రెండు రోజులు ఎండబెట్టారు, ఇప్పుడు తాడు లాగితే కదలడం లేదు. బాగవుతుందా?

జవాబు: చెల్లెమ్మా, ఎండబెట్టడమే కొంప ముంచింది. ఉప్పునీటిలో మునిగిన ఇంజను గాలి తగిలాకే వేగంగా తుప్పు పడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఇసుకలో కూరుకున్న మోటార్లు చాలా చూశాను, వెంటనే విప్పి కడిగినవి బతికాయి, ఎండలో పెట్టినవి ఎక్కువ భాగం పోయాయి. ఇప్పుడు బలవంతంగా తాడు లాగవద్దని మీ ఆయనకు చెప్పండి. ప్లగ్గులు తీసి, ఆ కన్నాల్లో డీజిలు, ఇంజను నూనె కలిపి పోసి ఒక రోజు ఉంచి, ఫ్లైవీల్‌ను చేత్తో మెల్లగా తిప్పి చూడమనండి. కదిలితే ఆశ ఉంది, అయినా విప్పి బేరింగులు చూడకుండా స్టార్ట్ చేయకూడదు. ఇంకెప్పుడైనా మునిగితే మంచినీళ్లతో కడిగి, ప్లగ్గులు తీసి నీళ్లు కార్చి, నూనె పోసి అదే రోజు మెకానిక్‌కు చేర్చండి. ఆ రోజు ఎవరూ దొరక్కపోతే మంచినీళ్ల డ్రమ్ములో ముంచే ఉంచండి.

ప్రశ్న: బైకుకు పెట్రోలులో కలిపి పోసే టూటీ ఆయిల్ పడవ మోటారులో పోయొచ్చా? చౌకగా వస్తోంది.

జవాబు: వద్దు. బైకు ఇంజను గాలికి చల్లారుతుంది, మీ మోటారు నీళ్లకు చల్లారుతుంది, రెండిటి నూనెలూ వేరు. డబ్బామీద టీసీ-డబ్ల్యూ3 అని చూసి కొనండి. మీ మోటారు పుస్తకంలో 50:1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, కొలిచి పోయండి, చేతి అంచనాతో వద్దు.