మడత విప్పని జత బట్టలు

చిన్నీ,

నీ ఉత్తరం అందింది. పరీక్షలన్నీ చేసి ఏమీ లేదన్నారు, మరి ఈ నొప్పి ఎక్కడిది పెద్దమ్మా అని అడిగావు. నేనూ చాలా ఏళ్లు ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను.

ఏమీ లేదంటే పేగులో పుండు, వాపు, గడ్డ లేవని అర్థం. నొప్పి మాత్రం నిజం. పేగు గోడల్లో పది కోట్లకు పైగా నాడీకణాలుంటాయి, అవి రాత్రింబవళ్లు మెదడుకు కబురు పంపుతూనే ఉంటాయి. మనకున్న ఐబీఎస్ అంటే పరీక్షల్లో ఏమీ కనిపించకుండానే కడుపునొప్పి, విరేచనాల తేడా తెచ్చే పేగు జబ్బు. అది ఉన్న చాలామందిలో ఆ నాడులు మరీ సున్నితమవుతాయి. ఇతరులకు తెలియకుండా కదిలిపోయే గ్యాసు మనకు మెలిపెట్టే నొప్పిగా తెలుస్తుంది. దిగులు పడితే పేగు కలవరపడుతుంది, పేగు కలవరపడితే దిగులు ఇంకా పెరుగుతుంది. అంతా నీ ఊహేనని ఎవరైనా అంటే, ఆ మాట పట్టించుకోకు తల్లీ.

ఒకప్పుడు ఎక్కడికి బయలుదేరినా, వేసుకున్న చెప్పులు మళ్లీ విప్పేదాన్ని. తాళం చేతిలో పట్టుకునే మరోసారి మరుగుదొడ్డికి వెళ్లి వచ్చేదాన్ని. మూడోసారి వచ్చేసరికి వేళ మించిపోయేది. తలనొప్పి, రాలేనని ఫోను చేసేదాన్ని. కడుపు బాగాలేదని చెప్పడానికి సిగ్గు. క్రమంగా అందరూ నన్ను పిలవడం మానేశారు. వాళ్లకేం తెలుసు? జబ్బుకంటే ఆ దాపరికమే నన్ను ఎక్కువ ఒంటరిని చేసింది.

అందుకే ముందు ఒక్కరికైనా నిజం చెప్పు. "నాకు పేగు సమస్య ఉంది, ఉన్నట్టుండి లేచి వెళ్లవలసి వస్తుంది, ఏమైందని అడగవద్దు" అంటే చాలు. ఆఫీసులో నేనలా చెప్పిన మర్నాడు, మీటింగులో తలుపు పక్క కుర్చీ నాకోసం ఖాళీగా ఉంచారు. ఆ పూట ఒక్కసారి కూడా లేవవలసిన అవసరం రాలేదు.

రెండు వారాలు నోటుపుస్తకంలో తిండి, నిద్ర, నొప్పి, విరేచనం తీరు, నెలసరి రాసి డాక్టరుకు చూపించు. తర్వాత ఆపేయి. అదే పనిగా రాస్తూ పోతే ప్రతి ముద్దా అనుమానంగానే కనిపిస్తుంది. తిండి మీద భయంతో ఒక్కొక్కటీ మానేయవద్దు. నేనలా మానేసి చిక్కి శల్యమయ్యాను. ఫాడ్‌మ్యాప్ పథ్యం అని ఒకటుంది, పేగులో సరిగా ఇంకక గ్యాసు పుట్టించే కొన్ని రకాల పిండిపదార్థాలను తగ్గించేది, ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రూపొందించినది. అందులో కొన్ని వారాలు కొన్ని పదార్థాలు ఆపి, ఆ తర్వాత ఒక్కొక్కటే తిరిగి చేర్చుకుంటూ ఏది పడుతుందో, ఏది పడదో చూసుకోవాలి. చాలామంది మానేయడం దగ్గరే ఆగిపోతారు. డైటీషియన్ సాయం లేకుండా మొదలుపెట్టకు.

డాక్టరు తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ అనే మందు రాస్తే, దిగులుకు వాడే మందు నాకెందుకని బెదిరిపోకు. అది పేగు నాడుల నొప్పిని తగ్గిస్తుంది. 2023లో బ్రిటన్‌లో వెలువడిన పెద్ద అధ్యయనంలోనూ మందు లేని ఉత్తుత్తి మాత్రకంటే బాగా పనిచేసింది. మనస్తత్వ నిపుణుల దగ్గర తీసుకునే సీబీటీ, అంటే ఆలోచనల తీరునూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్సా అంతే, పేగుకూ మెదడుకూ మధ్య నడిచే ఆ కలవరాన్ని తగ్గించడానికే.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, జ్వరం వస్తున్నా, రక్తహీనత ఉన్నా, విరేచనాలు రాత్రి నిద్రలోంచి లేపుతున్నా వెంటనే డాక్టరుకు చెప్పు. అవి ఐబీఎస్ లక్షణాలు కావు.

వచ్చే నెల స్నేహితురాలితో ప్రయాణం మానుకుంటానని రాశావు. మానుకోకు. ఈ ఆదివారం అరగంట దూరం వెళ్లి రా, పై వారం గంట. సంచిలో ఒక జత బట్టలు పెట్టుకో. నా సంచిలో పెట్టుకున్న జత ఏడేళ్లుగా మడత విప్పకుండా అలాగే ఉంది, అయినా తీసేయలేదు. అది ఉందన్న ధైర్యంతోనే గడప దాటుతున్నాను.

ఆదివారం ఎంత దూరం వెళ్లావో రాయి.

నీ పెద్దమ్మ