రైతుల ప్రశ్నలు – మా జవాబులు: అమావాస్య, పున్నమి, కార్తెలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సందేహం చుట్టూ తిరిగాయి: పంచాంగం చూసి చేసే సేద్యపు పనుల్లో ఏది నిలిచే మాట, ఏది కాదు? అందుకే వాటినన్నిటినీ ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం.

ఏరువాక పున్నమి 2025లో జూన్ 11న వచ్చింది, 2026లో జూన్ 29కి పోయింది. మృగశిర కార్తె మాత్రం రెండేళ్లూ జూన్ 8 ప్రాంతంలోనే ఉంది. విత్తడానికి దేన్ని నమ్మాలండీ?
– వేరుశనగ రైతు, అనంతపురం జిల్లా

రెండింటిలో ఒకటి ఎంచుకోవాలంటే కార్తెనే నమ్మండి. కార్తె సూర్యుడి లెక్క. సూర్యుడు 27 నక్షత్రాలనూ ఏడాదిలో చుట్టివస్తాడు కాబట్టి ఒక్కో కార్తె 13, 14 రోజులు ఉంటుంది, ఏటా దాదాపు అదే తేదీకి వస్తుంది. పున్నమి చంద్రుడి లెక్క. పన్నెండు చాంద్రమాసాలు కలిపినా 354 రోజులే కనుక ఏటా 11 రోజులు ముందే వచ్చేస్తుంది. ఆ తేడాను సరిచేయడానికి 32, 33 నెలలకోసారి అధికమాసం వస్తుంది. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం పడింది, అందుకే ఏరువాక అంత ఆలస్యమైంది. వానాకాలం నడిచేది సూర్యుడిని బట్టి. అందుకే మన పెద్దలు వాన సామెతలు ఎక్కువగా కార్తెల మీదే కట్టారు.

అయితే కార్తె చెప్పేది అదును, రోజు కాదు. రోజును నేలలోని తడి చెప్పాలి. తేలిక నేలల్లో 50-60 మిల్లీమీటర్లు, నల్లరేగడిలో 60-75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే విత్తండి. వానమాపకం లేకపోతే జానెడు లోతు తవ్వి మట్టిని పిడికిట పట్టి చూడండి. అక్కడా ముద్ద కడితే తడి చాలినట్టే. పైన నాలుగు వేళ్ల మందం మాత్రమే తడిసినప్పుడు విత్తితే మొలక వస్తుంది గానీ, తర్వాత వారం ఎండ కాస్తే వేరు కిందికి దిగక మాడిపోతుంది. మెట్ట పొలాల్లో రెండోసారి విత్తనం కొనాల్సి రావడానికి ఎక్కువగా ఇదే కారణం.

'మఖ పుబ్బలు వరుపైతే (వాన లేకపోతే) మహా కాటకం' అన్న మాట మీ పంటకే బాగా వర్తిస్తుంది. ఆ రెండు కార్తెలు ఆగస్టు 17 నుంచి సెప్టెంబరు 13 దాకా ఉంటాయి. జులై మొదట్లో వేసిన వేరుశనగ ఊడలు దిగి కాయ ఊరేది సరిగ్గా అప్పుడే. నీటి గుంటలో ఒక్క తడికి సరిపడా నీళ్లున్నా వాటిని ఈ రోజులకే దాచుకోండి.

పత్తికి అమావాస్య ముందూ వెనకా మందు కొట్టాలని మా ఊళ్లో అందరూ అంటారు. ఇందులో నిజమెంత?
– పత్తి రైతు, ఆదిలాబాద్ జిల్లా

నిజం ఉంది. ఈ శీర్షికలో వచ్చిన నమ్మకాల్లో గట్టి ఆధారం ఉన్నవాటిలో ఇదొకటి. శనగపచ్చ పురుగు తల్లి రెక్కల పురుగులు చీకటి రాత్రుల్లో ఎక్కువగా తిరిగి జతకట్టి గుడ్లు పెడతాయి. నిండు వెన్నెల్లో ఆ చురుకు తగ్గుతుంది. కాబట్టి అమావాస్యకు రెండు రోజుల ముందు నుంచి రెండు మూడు రోజుల తర్వాత వరకు గుడ్లు ఎక్కువగా కనబడతాయి. గుడ్డు పొదగడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. గుడ్డు మీద, అప్పుడే పుట్టిన పిల్లపురుగు మీద మందు పనిచేసినట్టు, కాయలోకి దూరిన పెద్ద పురుగు మీద పనిచేయదు.

అలాగని ప్రతి అమావాస్యకూ కళ్లు మూసుకుని ట్యాంకు ఎత్తుకోవద్దు. ముందు పొలంలో అడ్డదిడ్డంగా నడుస్తూ ఎకరాకు పాతిక మొక్కలు చూడండి. గుడ్లు లేత ఆకుల మీద, పూత మీద ఒక్కొక్కటిగా, గసగసాల గింజంత ఉంటాయి. పెట్టినప్పుడు పసుపు కలిసిన తెలుపులో ఉంటాయి, పొదిగే ముందు నల్లబడతాయి. గుడ్లు కనబడితే 1500 పీపీఎం వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, ఉధృతి ఎక్కువైతే ప్రొఫెనోఫాస్ లీటరుకు 2 మిల్లీలీటర్లు సాయంత్రం వేళ కొట్టండి. వేపనూనెలో కొద్దిగా సబ్బుపొడి కలపకపోతే నీటిపై తేలిపోయి ట్యాంకులో సగం మొక్కకు అందదు.

ఇక్కడ చాలామంది తప్పుడు లెక్క వేసేది దీపపు ఎరల దగ్గర. పున్నమి రోజుల్లో బుట్టలో పడే పురుగులు ఒక్కసారిగా తగ్గుతాయి. పురుగు పోయిందనుకుని మందు మానేస్తారు. నిజానికి వెన్నెల వెలుగులో దీపం వాటికి ప్రస్ఫుటంగా కనబడదు, అంతే. దీపపు ఎరలో పున్నమి లెక్కను పున్నమి లెక్కతోనే పోల్చాలి, అమావాస్య లెక్కతో పోల్చకూడదు. వరిలో కాండం తొలుచు పురుగుకు దీపం పెట్టేవారికీ ఇదే మాట.

మరొకటి గట్టిగా చెప్పాలి. ఇప్పుడు బీటీ పత్తిలో పెద్ద శత్రువు గులాబీ రంగు పురుగు. దానికి అమావాస్యను నమ్ముకుని కూర్చోవద్దు. నాటిన 45 రోజులకే ఎకరాకు నాలుగు లింగాకర్షక బుట్టలు (ఆడపురుగు వాసన ఎరతో మగ రెక్కల పురుగులను పట్టేవి) పైరు కంటే అడుగు ఎత్తులో కట్టండి. పైరు పెరిగేకొద్దీ బుట్టనూ పైకి జరపాలి. ఎరను ప్యాకెట్ మీద రాసిన గడువుకే మార్చాలి, పాతబడిన ఎర అబద్ధం చెబుతుంది. బుట్టకు రోజుకు 8 పురుగుల చొప్పున వరుసగా మూడు రోజులు పడినా, నూరు పూలలో పది గుడ్డిపూలైనా (విచ్చుకోకుండా ముడుచుకున్న పూలు), కోసి చూసిన 20 పచ్చికాయల్లో రెండింట పురుగున్నా మందు కొట్టాల్సిందే. ఆ రోజు ఏ తిథి అయినా సరే.

అమావాస్య, పున్నమికి రొయ్యలకు మేత తగ్గించాలంటారు. ఎంత తగ్గించాలి? ఎన్ని రోజులు?
– వనామి రైతు, భీమవరం దగ్గర

అటూ ఇటూ కలిపి మూడు రోజులు, మామూలు మేతలో 20 నుంచి 30 శాతం తగ్గించండి. ఆ రోజుల్లో పెద్ద రొయ్యలు ఎక్కువగా గుల్ల (పైపెంకు) విడుస్తాయి. గుల్ల విడిచే రొయ్య మేత ముట్టదు. వేసిన మేత అడుగున కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది. సరిగ్గా అదే సమయంలో రొయ్యకు ఆక్సిజన్ అవసరం ఎక్కువ. గుల్ల విడిచి మెత్తగా ఉన్న రొయ్యను గట్టి గుల్ల ఉన్నది పీక్కుతింటుంది. గుల్ల విడిచే (మోల్టింగ్) రోజుల్లో చచ్చేవాటిలో చాలావరకు ఈ మూడు కారణాల వల్లే.

క్యాలెండరు కంటే చెక్ ట్రేను (మేత తిన్నదీ లేనిదీ చూసే పళ్లెం) నమ్మండి. మేత వేసిన రెండు గంటలకు ట్రే తీసినప్పుడు మేత మిగిలినా, గాలి కొట్టే మూలకు విడిచిన గుల్లలు చేరినా మోల్టింగ్ మొదలైనట్టే. నిజానికి చిన్న రొయ్య ఐదారు రోజులకోసారి, 15 గ్రాములు దాటినది రెండు వారాలకోసారి గుల్ల మారుస్తుంది. పెద్ద రొయ్యల చెరువుల్లో తిథితో లెక్క కుదిరినట్టు కనబడేది, చిన్నవాటికి కుదరనిది అందుకే. హఠాత్తుగా కురిసిన పెద్ద వాన, ఎక్కువగా నీరు మార్చడం, గాఢమైన మందు వాడకం కూడా ఏ తిథినైనా ఒకేసారి గుల్ల విడిపిస్తాయి.

ఆ మూడు రాత్రులూ పది గంటల నుంచి తెల్లారేదాకా ఏరేటర్లన్నీ (నీటికి గాలి పట్టించే యంత్రాలు) తిరగాలి. తెల్లవారుజామున ఆక్సిజన్ 4 పీపీఎం కంటే దిగకూడదు. కొత్త గుల్ల గట్టిపడటానికి కావలసిన కాల్షియం, మెగ్నీషియం నీటిలోంచే తీసుకుంటుంది కాబట్టి మినరల్ మిశ్రమం ఎకరాకు 5 నుంచి 10 కిలోలు సాయంత్రం చల్లండి. ఉప్పదనం తక్కువున్న బోరునీటి చెరువులకు ఇది మరీ ముఖ్యం. ఆల్కలినిటీ (నీటి క్షారత) 120 పీపీఎం కంటే తగ్గితే ముందు దాన్ని సరిచేయాలి. అది లేకుండా మినరల్ ఎంత వేసినా గుల్ల వదులుగానే ఉండిపోతుంది.

పట్టుబడికి కూడా ఈ రోజులు తప్పించండి. ముందురోజు విసురువలతో నూరు రొయ్యలు తీసి వేలితో నొక్కి చూడండి. ఐదు కంటే ఎక్కువ మెత్తగా తగిలితే రెండు రోజులు ఆగండి. కొనేవాళ్లు 'సాఫ్ట్' పేరుతో కోసే ధర ఆ రెండు రోజుల మేత ఖర్చు కంటే ఎక్కువ.

మా గేదె అమావాస్యకే ఎదకొస్తుందని నాన్నగారు అంటారు. సూది (కృత్రిమ గర్భధారణ) వేయించడానికి అమావాస్య కోసం చూస్తున్నాం, రెండు నెలలు గడిచాయి.
– పాడి రైతు, ఖమ్మం జిల్లా

ఇక చూడకండి. ఎద చక్రం 21 రోజులది, చంద్రుడిది 29న్నర రోజులది. ఒకసారి అమావాస్య నాడు ఎదకొచ్చిన గేదె తర్వాత బహుళ షష్ఠి, సప్తమి ప్రాంతంలో వస్తుంది, ఆ తర్వాత శుద్ధ ద్వాదశి ప్రాంతంలో వస్తుంది. అమావాస్య కోసమే కాచుకుంటే ఆ రెండూ చేయి జారినట్టే. ఒక్క ఎద తప్పితే మూడు వారాల మేత ఖర్చు, ఈత మధ్య కాలం పెరగడం.

నాన్నగారి మాట పుట్టుకకు కారణం వేరే ఉంది. గేదెలో మూగ ఎద ఎక్కువ. అరవదు, పైకి ఎక్కదు. ఎండ వేళల్లో అసలే బయటపడదు. రాత్రి తొమ్మిది గంటలకు ఒకసారి, తెల్లవారుజామున నాలుగైదు మధ్య ఒకసారి పాక దగ్గరికి వెళ్లి చూడండి. తీగలు వేయడం (మానం నుంచి జిగురు తీగలా కారడం), మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోయడం, మానం ఉబ్బడం, పూటపాలు హఠాత్తుగా తగ్గడం గుర్తులు. పడుకున్నచోట తీగ మరక కనబడినా చాలు. ఆ తేదీ గోడ మీద రాసి, 18వ రోజు నుంచి 24వ రోజు దాకా కన్ను వేసి ఉంచండి. ఉదయం ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు ఉదయం సూది వేయించాలి. రోజుకు 50 గ్రాముల లవణ మిశ్రమం మానకండి. రెండు నెలలుగా ఏ గుర్తూ లేదంటే ముందు చూలు కట్టిందో లేదో పశువైద్యుడితో పరీక్ష చేయించండి.

ఈనే రోజూ అంతే. కట్టినప్పటి నుంచి గేదెకు 310 రోజులు, ఆవుకు 280 రోజులు. పున్నమిని బట్టి కాదు, ఈ లెక్కను బట్టి రెండు నెలల ముందే పాలు వట్టగట్టండి (పితకడం ఆపండి).

ప్రతి అమావాస్యకూ కందులు, పెసలు ఎండలో పోస్తే పుచ్చవని అమ్మమ్మ చెప్పేది. శాస్త్రం ఉందా?
– పాఠకురాలు, సంగారెడ్డి

పద్ధతి చాలా మంచిది. పప్పుగింజల్లో పడే పుచ్చు పురుగు గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి మన వాతావరణంలో సుమారు మూడు నాలుగు వారాలు పడుతుంది. నెలకోసారి ఎండబెడితే ప్రతి తరం మధ్యలోనే తెగిపోతుంది. అమావాస్య కాకుండా ప్రతి నెలా ఒకటో తేదీ అయినా ఫలితం అదే, కానీ అమావాస్య మరిచిపోలేని రోజు.

గింజను రెండు వేళ్ల మందం కంటే ఎక్కువ పరవద్దు. కింద నల్ల పట్టా, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా కప్పి అంచులకు ఇటుకలు పెడితే లోపల వేడి 50 డిగ్రీలు దాటి గింజలోపలి పురుగు కూడా చస్తుంది. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయాలి. వేడిమీద మూత పెడితే చెమ్మ పట్టి బూజు వస్తుంది. తర్వాత కిలోకు 5 మిల్లీలీటర్ల వంటనూనె పట్టించండి. గింజ మీద తెల్లని చుక్కలు కనబడితే అవి గుడ్లే.

గొర్రెపోతులకు విత్తులు కొట్టడం అమావాస్య, పున్నమికి వద్దంటారు, రక్తం ఆగదని. టీకాలకూ అంతేనా?
– గొర్రెల పెంపకందారు, మహబూబ్‌నగర్ జిల్లా

రక్తానికీ తిథికీ సంబంధం లేదు. బర్డిజో పరికరంతో నొక్కితే చర్మమే తెగదు, రక్తం ఎక్కడిది? రెండు పక్కలా నరాన్ని విడివిడిగా నొక్కాలి. రెండు గీతలూ ఒకే వరుసలో కలిస్తే కింది భాగానికి రక్తం అందక కుళ్లుతుంది. మత్తు ఇచ్చి పశువైద్యుడే చేయాల్సిన పని ఇది. ధనుర్వాతం సూది కూడా అడిగి వేయించండి. తప్పించాల్సింది అమావాస్యను కాదు, ఈగలు ముసిరే వానాకాలాన్ని.

టీకాలకు మాత్రం కార్తె బాగా ఉపయోగపడుతుంది. తొలకరికి మొలిచిన లేత గడ్డి ఎగబడి మేసిన మందలోనే చిటుక రోగం (పేగుల్లో విషం పుట్టి జీవాలు హఠాత్తుగా చచ్చే జబ్బు) ఎక్కువగా వస్తుంది. టీకా పనిచేయడానికి రెండు వారాలు కావాలి. అందుకే రోహిణి కార్తె ముగిసేలోపు, అంటే జూన్ మొదటి వారానికల్లా మందంతటికీ వేయించేయండి. నట్టల మందు దానికి వారం ముందు తాగించండి. నట్టలతో నీరసించిన జీవానికి టీకా సరిగా పట్టదు.

పొదుగు గంపలో ఇనుపముక్క, బొగ్గు వేస్తే ఉరుములకు గుడ్లు మురగవంటారు. నిజమేనా?
– పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

వేసినా నష్టం లేదు, కాపాడేది మాత్రం అది కాదు. ఉరుములు వచ్చే రోజుల్లో ఉక్కపోత ఎక్కువ. బయట ఉంచిన గుడ్డులో పొదగక ముందే పిండం కదిలి చచ్చిపోతుంది. వారం దాటని గుడ్లే తీసుకుని, సన్నని కొస కిందికి ఉండేలా చల్లని గదిలో ఇసుకలో ఉంచండి. నాటుకోడి కింద పది, పన్నెండుకు మించి పెట్టవద్దు. ఏడో రోజు రాత్రి టార్చి వెలుగులో చూస్తే ఎర్రని నరాలు కనబడనివి తీసేయాలి. అవి గంపలో పగిలితేనే మిగతావీ చెడేది.

వెదురు వెన్నెల రోజుల్లో కొడితే పుచ్చుతుందా?
– పాఠకుడు, రంపచోడవరం

పుచ్చేది గడలోని పిండిపదార్థం వల్ల. వాన వెనకబడ్డాక, చలికాలంలో, మూడేళ్లు నిండిన గడలను కొట్టండి. లేత గడలను ఏ పక్షంలో కొట్టినా పురుగు వదలదు. కొట్టినవి మూడు నాలుగు వారాలు పారే నీటిలో ముంచి, నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. పాక కప్పుకు వాడేవైతే నూరు లీటర్ల నీటిలో 3 కిలోల బోరాక్స్, 2 కిలోల బోరిక్ యాసిడ్ కరిగించి నానబెట్టండి. కణుపుల మధ్య సన్నని రంధ్రాలు చేస్తేనే మందు లోపలికి పోతుంది. ఈ మందు వానకు కడుక్కుపోతుంది కాబట్టి బయట కంచె గడలకు పనికిరాదు.