అడ్డుగోడ తీయాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: కూకట్‌పల్లిలో మాది అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. మూడో అంతస్తులో ఉంటాం. వంటగదికీ హాలుకీ మధ్య గోడ తీయించాలనుకుంటున్నాం. నాలుగున్నర అంగుళాల గోడే కదా, ఒక్కరోజు పని అంటున్నాడు మేస్త్రి. అనుమతులేమైనా కావాలా?

జవాబు: పిల్లర్లు, బీములతో కట్టిన ఇంట్లో అంత మందం ఇటుక గోడ మామూలుగా బరువు మోయదు. అలాగని మందం చూసి తేల్చేయకండి. మైవాన్ పద్ధతిలో (అల్యూమినియం అచ్చులు బిగించి గోడలూ స్లాబూ కాంక్రీటుతో పోసే పద్ధతి) కట్టిన అపార్ట్‌మెంట్లలో లోపలి గోడలు సన్నగానే కనిపిస్తాయి, కానీ అవి కడ్డీలు కట్టి పోసిన కాంక్రీటు. భవనం బరువు మోసేది అవే. వాటిలో చిన్న కంత కూడా కొట్టించకూడదు.

కరెంటు తీగలు లేనిచోట డ్రిల్లు పెట్టి రాలే పొడి చూడండి. ఎర్రగా ఉంటే ఇటుక. బూడిదరంగులో ఉంటే సిమెంటు ఇటుకైనా కావచ్చు, కాంక్రీటైనా కావచ్చు. అక్కడ అరడుగు మేర ప్లాస్టరు చెక్కి చూస్తేనే తెలుస్తుంది. ఆ తర్వాత గోడ నెత్తిన బీము ఉందో లేదో చూడండి. బీము లేకుండా, పై ఇంటివాళ్ల గోడ కూడా సరిగ్గా అక్కడే ఉంటే మీ గోడ ఎంతో కొంత బరువు మోస్తున్నట్టే. తీసేస్తే స్లాబు కుంగి పైవాళ్ల గోడ పగులుతుంది. అందుకే స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చూసి సంతకం చేసిన కాగితం ఇచ్చాకే సుత్తి పట్టనివ్వండి.

ఆ కాగితం జతచేసి అసోసియేషన్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. బరువు మోయని అడ్డుగోడకైతే మున్సిపాలిటీలో కొత్త ప్లాను సాధారణంగా అక్కర్లేదు. పిల్లరు, బీము, స్లాబు, బయటి గోడ, వీటిలో దేన్ని ముట్టుకున్నా కావాలి. ఇల్లు స్వాధీనమై అయిదేళ్లు కాలేదా? రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం నిర్మాణ లోపాలకు బిల్డరుదే బాధ్యత. చెప్పకుండా గోడ కొట్టిస్తే పగులు మీవల్లే వచ్చిందంటాడు, జాగ్రత్త.

పని మొదలయ్యే ముందు ఆ గోడకు వెళ్లే కరెంటు స్విచ్చి (ఎంసీబీ), నీళ్ల వాల్వు ఆపేయించండి. సమ్మెటతో నడుమ బాది ఒక్కసారిగా పడగొట్టనివ్వకండి. పైవరస నుంచి ఇటుక ఇటుకా ఊడదీయాలి. చాలామంది పట్టించుకోనిది కూల్చిన మట్టి సంగతి. రెండువైపులా ప్లాస్టరున్న ఈ గోడ చదరపు అడుగుకు పాతిక కిలోల దాకా తూగుతుంది. పదడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తంటే రెండు టన్నుల పైనే! ఇళ్ల స్లాబులకు లెక్కవేసే వాడుక బరువు చదరపు మీటరుకు 200 కిలోలు. అంతా హాలు మధ్య కుప్ప పోస్తే స్లాబుకే ముప్పు. ఎప్పటికప్పుడు సంచుల్లో కిందికి దించాలి.

ప్రశ్న: రాజమండ్రిలో మా తాతగారి నాటి ఇల్లు, పిల్లర్లు లేవు. తొమ్మిది అంగుళాల గోడలో ఆరడుగుల దారి తీయవచ్చా?

జవాబు: తీయవచ్చు, కానీ ముందు పైన మోత ఏర్పాటు చేశాకే. మీ ఇంట్లో స్లాబైనా దూలాలైనా ఆ గోడ మీదే కూర్చుని ఉంటాయి. గోడకు రెండువైపులా పలకలు పరిచి జాకీలు నిలపాలి. ఒకపక్క సగం మందం గాడి కొట్టి సి ఆకారపు ఇనుప దూలం (సి-చానెల్) దూర్చి, పై సందులో కుంచించుకుపోని గ్రౌటు (సందులు నింపే సిమెంటు ముద్ద) దట్టించాలి. అది గట్టిపడ్డాకే రెండోపక్క గాడి. రెండు చానెళ్లనూ బోల్టులతో బిగించాక కింద ఇటుకలు తీయాలి. చానెల్ సైజు, రెండు చివర్లా అది ఆనే కాంక్రీటు దిమ్మ కొలత ఇంజనీరు లెక్కకట్టి ఇవ్వాలి. గది మూలకు రెండడుగుల లోపు మాత్రం తెరవకండి.