స్పోర్ట్స్ సైన్స్ డిగ్రీ కోసం ఇల్లు తనఖా పెట్టొచ్చా?

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి. వయసు 48. చేతికి 78 వేల జీతం వస్తుంది, ఖర్చులు పోను నెలకు 22 వేలు మిగులుతాయి. ఎఫ్‌డీల్లో 12 లక్షలు, మ్యూచువల్ ఫండ్లలో 6 లక్షలు ఉన్నాయి. సొంత ఇల్లుంది, అప్పుల్లేవు. మా అబ్బాయి బైపీసీతో ఇంటర్ పూర్తి చేశాడు, కబడ్డీలో రాష్ట్ర స్థాయి దాకా ఆడాడు. స్పోర్ట్ అండ్ ఎక్సర్‌సైజ్ సైన్స్ తప్ప ఇంకేదీ చదవనంటున్నాడు. బ్రిటన్‌లో మూడేళ్ల బీఎస్సీకి ఏడాదికి 18,500 పౌండ్ల ఫీజుతో సీటు వచ్చింది. ఇంటి మీద 45 లక్షల విద్యా రుణం తీసుకోమని, మిగతాది వాడు అక్కడ పార్ట్‌టైమ్ కోచింగ్ చేసి సంపాదిస్తాడని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. చెన్నైలో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలోనూ సీటుంది. అక్కడ ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి 3.5 లక్షలు. పాప తొమ్మిదో తరగతి. ఏం చేయమంటారు? – హనుమకొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: అబ్బాయిని ఈ కోర్సు చదవనివ్వండి. ఇంటిని మాత్రం తనఖా పెట్టకండి. డిగ్రీ చెన్నైలో చేయించండి. విదేశం వెళ్లాలనుకుంటే మాస్టర్స్‌కి వెళ్లమనండి.

కన్సల్టెన్సీ చెప్పిన 45 లక్షల లెక్కలో సగం ఖర్చులు కనిపించడం లేదు. పౌండుకు 115 రూపాయలు వేసుకుందాం. ఫీజు 21.27 లక్షలు అవుతుంది. తిండికీ గదికీ ఏడాదికి 12,000 పౌండ్లు అనుకుంటే ఇంకో 13.8 లక్షలు. అంటే ఏడాదికి 35 లక్షలు, మూడేళ్లకు కోటీ 5 లక్షలు. దీనికి తోడు ఇమ్మిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జి (అక్కడి ప్రభుత్వ వైద్య సేవలకు కట్టే రుసుము) విద్యార్థికి ఏడాదికి 776 పౌండ్లు. వీసా గడువు మొత్తానికీ దరఖాస్తు రోజే కట్టేయాలి కాబట్టి మరో 3 లక్షలు ముందే పోతాయి. రెండో ఏడాది నుంచి పౌండు 10 రూపాయలు పెరిగినా అదనంగా 6.1 లక్షలు కావాలి. 45 లక్షల రుణానికి మీ 18 లక్షల పొదుపు మొత్తం కలిపినా 63 లక్షలే అవుతుంది. ఇంకా 45 లక్షలు తక్కువ పడతాయి.

ఆ లోటును కోచింగ్‌తో పూడ్చుకోవచ్చన్నది ఈ సలహాలో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట. బ్రిటన్ విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు వృత్తి క్రీడాకారులుగా పని చేయకూడదు, క్రీడా కోచ్‌గానూ చేయకూడదు. స్వయం ఉపాధికీ వీల్లేదు. అంటే మీ అబ్బాయికి బాగా వచ్చిన పనే అక్కడ డబ్బు కోసం చేయకూడనిది. జిమ్‌లో ఎవరికైనా పర్సనల్ ట్రైనింగ్ ఇచ్చి డబ్బు తీసుకున్నా వీసా మీదికి వస్తుంది. ఇక షాపులోనో హోటల్లోనో పని అంటే, క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే చేయాలి. 18 నుంచి 20 ఏళ్ల వాళ్లకు కనీస వేతనం 2025 ఏప్రిల్‌లో గంటకు 10 పౌండ్లు. ఏడాదిలో 40 వారాలు పని దొరికిందనుకున్నా వచ్చేది 9 లక్షల పైచిలుకు. మూడేళ్లకు 27 లక్షలు దాటినా లోటు తీరదు. కబడ్డీ ఆడే పిల్లాడు ల్యాబ్ రిపోర్టులు రాస్తూ, సాధన చేస్తూ ఏడాది పొడవునా వారానికి 20 గంటలు నిలబడి పని చేయడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు.

ఇప్పుడు అప్పు సంగతి. ఏడాదికి 15 లక్షల చొప్పున మూడు విడతలుగా, 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. చదువుకునే మూడేళ్లు, ఆ తర్వాత ఇంకో ఏడాది వాయిదా కట్టక్కర్లేదు. అయితే బారువడ్డీ నడుస్తూనే ఉంటుంది. మొదటి విడత మీద నాలుగేళ్లకు 6 లక్షలు, రెండోదాని మీద మూడేళ్లకు 4.5, మూడోదాని మీద రెండేళ్లకు 3 లక్షలు. కట్టడం మొదలుపెట్టే రోజుకు అప్పు 58.5 లక్షలై కూర్చుంటుంది. 15 ఏళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 63 వేలు. అప్పటికి మీకు 52 ఏళ్లు, రిటైర్‌మెంటు 61కి, చివరి వాయిదా 67వ ఏట. అబ్బాయి తొలి ఉద్యోగం ఇక్కడ 30 వేలదైతే ఆ 63 వేలు మీ జీతంలోంచే కట్టాలి. సరిగ్గా అప్పుడే పాప డిగ్రీ చదువుకు డబ్బు కావాలి.

‘అక్కడే ఉద్యోగం వస్తుందిలే’ అన్న నమ్మకాన్నీ ఒకసారి తూచి చూడండి. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు డిగ్రీ తర్వాతి గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతోంది. ఆపై ఉండాలంటే స్కిల్డ్ వర్కర్ వీసా కావాలి. దానికి సాధారణ జీతం పరిమితి ఏడాదికి 41,700 పౌండ్లు. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లకు కొంత తగ్గింపు ఉన్నా, బీఎస్సీతో క్రీడల రంగంలో మొదలుపెట్టే కుర్రాడికి అది చిన్న అంకె కాదు.

విద్యా రుణం వడ్డీ మీద పన్ను మినహాయింపు ఉంటుందని కూడా చెప్పి ఉంటారు. అది పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. కొత్త విధానంలో జీతగాళ్లకు ఏడాదికి 12.75 లక్షల దాకా పన్నే పడదు. మీ స్థూల జీతం ఆ లోపే ఉంటే ఆ మినహాయింపు వల్ల మీకు రూపాయి కూడా మిగలదు.

బ్యాంకులో ‘చూపించే డబ్బు’ గురించీ ఒక మాట. మొదటి ఏడాది ఫీజులో బాకీ ఉన్నంత, దాంతోపాటు తొమ్మిది నెలల ఖర్చు చూపాలి. 2025 నవంబర్ నుంచి లండన్ బయట ఆ ఖర్చు నెలకు 1,171 పౌండ్లు. ఆ మొత్తం వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. ఒక్క రోజు తగ్గినా వీసా తిరస్కరిస్తారు. నెల రోజులకు డబ్బు సర్దుతామని ఎవరైనా అంటే వద్దని చెప్పేయండి. అది వడ్డీతో పోయే బేరం కాదు, తప్పుడు పత్రాలు పెట్టినట్టు తేలితే పిల్లాడి వీసా దారి ఏళ్ల తరబడి మూసుకుపోతుంది.

చెన్నైకి మూడేళ్లకు 10.5 లక్షలు. దీనికి అప్పే అక్కర్లేదు. నెలకు 12 వేలు జీతంలోంచి తీస్తే 36 నెలల్లో 4.32 లక్షలు. మిగతా 6.18 లక్షలు ఎఫ్‌డీల నుంచి. అయితే ఎఫ్‌డీని ఒక్కసారిగా విరగ్గొట్టకండి. ఉన్నదాని గడువు తీరాక, ఫీజు తేదీలకు ఒక వారం ముందు గడువు తీరేలా మూడు ముక్కలుగా వేయండి. అప్పుడు ముందస్తు ఉపసంహరణకు పెనాల్టీ పడదు. ఎఫ్‌డీల్లో ఇంకా 5.8 లక్షలు ఉంటాయి. అందులో 3.4 లక్షలు ఆరు నెలల ఇంటి ఖర్చుకు, ముట్టుకోవద్దు. 2.4 లక్షలు అబ్బాయి ఇంటర్న్‌షిప్ ప్రయాణాలకు, సర్టిఫికెట్ పరీక్షలకు. నెలనెలా మిగిలే 10 వేలు పాప పేరు మీద రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఆమె డిగ్రీకి మూడు నాలుగేళ్లే ఉంది కాబట్టి ఈ డబ్బును షేర్ల జోలికి పోనివ్వకండి. ఫండ్లలోని 6 లక్షలు అలాగే ఉండనివ్వండి.

ఏడాది ఫీజు కట్టే ముందు చెన్నై వెళ్లి ల్యాబ్ చూసి రండి, అబ్బాయినీ తీసుకెళ్లండి. ఈ డిగ్రీ విలువంతా ల్యాబ్‌లోనే ఉంటుంది. వీఓటూ మ్యాక్స్ (కఠిన వ్యాయామంలో ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్) కొలిచే యంత్రం దగ్గర నిలబడి, పరీక్షకు ముందు దాన్ని ఎలా సరిచూస్తారో చూపించమనండి. తెలిసిన పాళ్లలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కలిపిన సిలిండర్‌తో గ్యాస్ సెన్సర్‌ను, 3 లీటర్ల సిరంజిని లాగి నొక్కుతూ గాలి ప్రవాహాన్ని సరిచూడాలి. సిలిండర్ ఖాళీ అయి ఉంటే, సిరంజి ఎక్కడుందో ఎవరికీ తెలియకపోతే ఆ యంత్రం అతిథులకు చూపడానికే అన్నమాట. ల్యాక్టేట్ (కఠిన వ్యాయామంలో రక్తంలో పెరిగే పదార్థం) పరీక్షకు వ్యాయామం ప్రతి దశలో వేలి కొసనో చెవి తమ్మెనో గుచ్చి ఒక స్ట్రిప్ వాడాలి. ఏడాదికి ఎన్ని స్ట్రిప్‌లు కొంటారో, ఒక్కో విద్యార్థి చేతికి ఎన్ని వస్తాయో అడగండి. పరికరం ఒకసారి కొంటే సరిపోతుంది, స్ట్రిప్‌ల ఖర్చు ఏటా ఉంటుంది. కాలేజీలు కోత పెట్టేది అక్కడే. ఫోర్స్ ప్లేట్ (దూకినప్పుడు, అడుగు వేసినప్పుడు నేల మీద పడే బలాన్ని కొలిచే పలక) ఉందా, ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు విద్యార్థులకు ఇస్తారా అన్నదీ అడగండి.

ఈ డిగ్రీతో ఏం కాలేడో కూడా అబ్బాయికి ముందే తెలియాలి. ఫిజియోథెరపిస్టు కాలేడు, దానికి బీపీటీ వేరే. ప్రభుత్వ బడిలో పీఈటీ ఉద్యోగం మనసులో ఉంటే డీఎస్సీకి వ్యాయామ విద్యలో బీపీఈడీ గానీ డీపీఈడీ గానీ కావాలి. ఈ బీఎస్సీ తర్వాత ప్రవేశ పరీక్ష పీఈసెట్ రాసి ఇంకో రెండేళ్లు చదవాలి. ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్టు లాంటి పోస్టులకు చాలాచోట్ల పీజీ అడుగుతారు. డిగ్రీ పూర్తవగానే చేపట్టదగ్గ పని స్ట్రెంత్ అండ్ కండిషనింగ్, అంటే క్రీడాకారుల బలం, దారుఢ్యం పెంచే శిక్షణ. ఆ పనికి అమెరికా సంస్థ ఎన్‌ఎస్‌సీఏ ఇచ్చే సీఎస్‌సీఎస్ సర్టిఫికెట్‌కు మంచి గుర్తింపు ఉంది. దానికి డిగ్రీ, సీపీఆర్-ఏఈడీ (గుండె ఆగినప్పుడు చేసే ప్రథమ చికిత్స) శిక్షణ ఉండాలి. 2030 నుంచి ఆ సంస్థ గుర్తింపు ఉన్న కోర్సులో చదివినవాళ్లకే ఆ పరీక్ష అని ప్రకటించారు. అబ్బాయి 2029లో డిగ్రీ పూర్తి చేస్తే ఆ ఏడాదే రాసేయాలి, వాయిదా వేస్తే అవకాశం పోవచ్చు.

మాస్టర్స్‌కి బ్రిటన్ అయితే ఒక్క ఏడాది ఖర్చే. జర్మనీలో కొలోన్‌లోని క్రీడా విశ్వవిద్యాలయంలో ట్యూషన్ ఫీజు లేదు. బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగల ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపాలి. కొన్ని కోర్సులే ఇంగ్లిష్‌లో ఉంటాయి, కాబట్టి చెన్నైలో ఉన్న మూడేళ్లూ జర్మన్ నేర్చుకోమనండి. తెలంగాణ ప్రభుత్వ విదేశీ విద్యానిధి పథకాలు కూడా పీజీకే తప్ప డిగ్రీకి ఇవ్వవు. 20 లక్షల దాకా వచ్చే ఆ సాయానికి ఆదాయ పరిమితి ఉంది. మీ జీతంతో రాదు గానీ, ఇదే ప్రశ్నతో ఉన్న తక్కువ ఆదాయం కుటుంబాలు తప్పక చూసుకోవాలి.

మాస్టర్స్‌కి అప్పు తీసుకుంటే, దాని వాయిదా అబ్బాయి ఇక్కడ సంపాదించే తొలి జీతంలో మూడో వంతు దాటకూడదు. 30 వేల జీతానికి 10 వేల వాయిదా అంటే, 10 శాతం వడ్డీతో 15 ఏళ్లకు కట్టడం మొదలుపెట్టే రోజున అప్పు 9.3 లక్షలు. అంతకు మించి కావాలంటే ముందు ఒకటి రెండేళ్లు ఉద్యోగం చేసి, జీతం పెరిగాక వెళ్లమనండి.

చెన్నై బయల్దేరే ముందు ఇంకో పని చేయండి. మీ ఆరోగ్య బీమాలో అబ్బాయి పేరు ఉందో లేదో, ఆధారపడిన పిల్లలకు ఎన్నేళ్ల దాకా వర్తిస్తుందో పాలసీ తీసి చదవండి. చాలా పాలసీల్లో 25 ఏళ్ల దాకా ఉంటుంది. క్రీడల్లో తగిలే దెబ్బల మీద మినహాయింపు ఏమైనా రాశారేమో చూడండి. కబడ్డీలో మోకాలి ఏసీఎల్ (కీలును పట్టి ఉంచే స్నాయువు) తెగడం అరుదేమీ కాదు. ఆపరేషన్ ఖర్చు పక్కన పెట్టిన ఆ 2.4 లక్షల మీద పడకుండా ఈ నెలలోనే ఆ ఖాళీ పూడ్చండి.