తెలుగులో రాసిన డాక్యుమెంటేషన్‌కు స్ఫింక్స్‌లో వచ్చే ఫార్మాటింగ్ ఎర్రర్లు: మేం ఎలా సరిచేశాం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఒంగోలులో చిన్న టీమ్, చీమకుర్తి గ్రానైట్ యార్డుల కోసం స్లాబుల లెక్క చూసే సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. కోడ్ పైథాన్‌లో, మాన్యువల్ స్ఫింక్స్‌తో (రాసిన టెక్స్టును వెబ్ పేజీలుగా, పీడీఎఫ్‌గా మార్చే టూల్). వివరణలు తెలుగులో రాయడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి వార్నింగులు గుట్టలుగా వస్తున్నాయి. పేజీలో బ్యాక్‌టిక్‌లు (కోడ్‌లోని పేర్ల చుట్టూ పెట్టే ` గుర్తులు) అలాగే కనబడుతున్నాయి, కొలతల పట్టిక మాయమైంది, పీడీఎఫ్‌లో అసలు తెలుగే రావడం లేదు. తెలుగు తీసేసి మొత్తం ఇంగ్లీషులో రాసేయమంటారా అని అడిగారు.

తీసేయకండి. నేను నెల్లూరులో రొయ్యల గుంటల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను. మేత, కౌంటు, డీజిల్ ఖర్చు ఎంట్రీ చేసేది గుంట గట్టు మీద ఉండే సూపర్‌వైజర్లు. ముత్తుకూరు వైపు ఒకాయన తప్పు పడిన మేత ఎంట్రీని మాన్యువల్ చూసుకుని, మాకు ఫోన్ చేయకుండానే సరిచేసుకున్నారు. అది తెలుగులో ఉండబట్టే సాధ్యమైంది. మీ యార్డుల్లో టేపు పట్టుకుని కొలిచే వాళ్లకూ అంతే.

మీరు చెప్పినవన్నీ మాకూ వచ్చాయి. వాటిలో కొన్నింటికి కారణం ఒక్కటే. మన కంటికి కనబడే అక్షరం వేరు, స్ఫింక్స్ లెక్కపెట్టే అక్షరం వేరు. ఎడిటర్లో చూడటానికి బాగుందా లేదా అని సరిచేస్తూ పోతే ఈ పని తెమలదు, దాని నియమం ప్రకారమే సరిచేయాలి.

ముందు పాత బిల్డ్ (స్ఫింక్స్ ఇదివరకు తయారుచేసి పెట్టిన పేజీలు) తీసేసి మొదటినుంచి బిల్డ్ చేయండి. స్ఫింక్స్ మారిన ఫైళ్లనే మళ్లీ చదువుతుంది కాబట్టి రెండోసారి చాలా వార్నింగులు కనబడవు. పోయాయనుకుంటాం, పోవు. ఇంకోటి, డాక్‌స్ట్రింగ్ (కోడ్‌లోనే ఫంక్షన్ కింద రాసే వివరణ) వార్నింగ్‌లో చివర ఉండే లైను నంబరు ఫైలుది కాదు, ఆ డాక్‌స్ట్రింగ్ మొదటి లైను నుంచి లెక్క. వార్నింగ్‌లో 5 అని ఉందని ఫైల్లో ఐదో లైనుకు వెళ్లి వెతికితే ఏమీ దొరకదు.

ఇక బ్యాక్‌టిక్‌లు. మీరు పెట్టిన ఉదాహరణలో ``స్లాబ్_రేటు``ను అని ఉంది. స్ఫింక్స్ చదివే రాత పద్ధతి రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్. దాని నియమం ప్రకారం ముగింపు బ్యాక్‌టిక్‌ల తర్వాత ఖాళీ గానీ విరామచిహ్నం గానీ ఉండాలి. మనం విభక్తిని అతికించి రాస్తాం కాబట్టి దానికి ముగింపే కనబడదు. మొదలైన గుర్తు ఉంది, ముగిసిన గుర్తు లేదు అని వార్నింగ్ ఇచ్చి, బ్యాక్‌టిక్‌లను ఉన్నవి ఉన్నట్టే పేజీలో వదిలేస్తుంది. ను, కు, లో, తో, ఏది అతికించినా ఇదే గొడవ. బోల్డ్ కోసం పెట్టే నక్షత్రం గుర్తులకూ ఇంతే. దీనికి సరైన మందు బ్యాక్‌స్లాష్, దాని వెంట ఒక ఖాళీ: ``స్లాబ్_రేటు``\ ను. పేజీలో ఆ ఖాళీ పోయి రెండూ కలిసే వస్తాయి. డాక్‌స్ట్రింగ్‌లో ఇది రాస్తే మాత్రం మొదటి కోట్స్ ముందు ఆర్ (r) అక్షరం పెట్టి రా స్ట్రింగ్ (బ్యాక్‌స్లాష్‌ను ఉన్నదున్నట్టే ఉంచేది) చేయాలి. లేకపోతే పైథాన్ 3.12 నుంచి సింటాక్స్ వార్నింగ్ వస్తుంది. హైఫన్ పెట్టి ``స్లాబ్_రేటు``-ను అని రాసినా పనిచేస్తుంది గానీ, పేజీ నిండా హైఫన్లుంటే చదివేవాళ్లకు ఇబ్బంది. మేం కొత్తగా రాసేటప్పుడు వాక్యాన్నే మార్చుకుంటాం: ``స్లాబ్_రేటు`` విలువను మార్చాలి, ``స్లాబ్_రేటు`` ఫీల్డులో నింపాలి. వాక్యం ఇంకా తేటగా ఉంటుంది, బ్యాక్‌స్లాష్ అవసరమే రాదు.

హెడింగుల కింద గీత విషయానికొస్తే, ఒంగోలు అన్నది కంటికి మూడక్షరాలే. కానీ గుణింతం గుర్తులు, సున్న విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి గీతలో కనీసం ఆరు గుర్తులు ఉండాలి. నెల్లూరుకు ఏడు. అక్కడ ఒత్తు కోసం వాడే పొల్లును మాత్రం లెక్కలోకి తీసుకోదు. నాలుగో ఐదో పెడితే గీత చిన్నదైందని వార్నింగ్ ఇస్తుంది, హెడింగ్ మాత్రం వస్తుంది. మూడే పెడితే ఇంకా చేటు. అది హెడింగే కాదనుకుని, మామూలుగా వార్నింగ్ కూడా చూపకుండా, మామూలు పేరాలో కలిపేస్తుంది. గీత పొడవు ఎక్కువైతే ఏ అభ్యంతరమూ లేదు. లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా ప్రతి హెడింగ్ కింద బారుగా ఒకే గీత పెట్టేయండి.

మీ కొలతల పట్టిక మాయం కావడానికీ ఇదే కారణం. ప్లస్ గుర్తులు, నిలువు గీతలతో గీసిన పట్టికలో తెలుగు ఉంటే ఎడిటర్లో గీతలు ఒక వరుసలో కనబడతాయి గానీ, స్ఫింక్స్ లెక్కలో అవి పక్కకు జరిగి ఉంటాయి. పట్టిక రూపం చెడిందని ఎర్రర్ వస్తుంది. ఆ గీతలు సర్దడానికి కూర్చోకండి, అది వృథా శ్రమ. లిస్ట్ టేబుల్ (list-table) డైరెక్టివ్‌కు మారండి. అందులో గీతలే ఉండవు, ప్రతి గడీ ఒక లిస్టు ఐటమ్. పొడవు, వెడల్పు, చదరపు అడుగులు, గ్రేడు లాంటివి మీకు ఎక్సెల్లో ఎలాగూ ఉంటాయి కాబట్టి సీఎస్‌వీ టేబుల్ (csv-table) ఇంకా మేలు. ఫైలును యూటీఎఫ్-8లో సేవ్ చేస్తే చాలు, రేట్లు మారినప్పుడు మాన్యువల్‌ను ముట్టుకోనక్కర్లేదు.

ఊహించని ఇండెంటేషన్ అని వచ్చే వార్నింగులకు తెలుగుతో సంబంధం లేదు. లిస్టుకు ముందూ వెనకా ఖాళీ లైను వదిలితే ఎక్కువ శాతం పోతాయి. గూగుల్ పద్ధతిలో డాక్‌స్ట్రింగ్‌లు రాస్తుంటే వాటిని స్ఫింక్స్‌కు అర్థమయ్యేలా మార్చే నెపోలియన్ ఎక్స్‌టెన్షన్ ఆన్ చేయండి. ఆర్గ్స్ (Args), రిటర్న్స్ (Returns) అనే శీర్షికలు మాత్రం ఇంగ్లీషులోనే ఉంచాలి, తెలుగులో రాస్తే అది గుర్తుపట్టదు. వాటి కింద వివరణ ఎంతైనా తెలుగులో రాసుకోవచ్చు. క్రాస్ రిఫరెన్స్ లేబుళ్లు (మాన్యువల్లో ఒక చోటి నుంచి ఇంకో చోటికి లింకు ఇవ్వడానికి పెట్టే పేర్లు) కూడా ఇంగ్లీషులోనే పెట్టండి. తెలుగు కీబోర్డులు కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) మధ్యలో చేరుస్తుంటాయి. చూడటానికి రెండు లేబుళ్లూ ఒకటే, స్ఫింక్స్‌కు మాత్రం వేర్వేరు. అలాంటిది పట్టుకోవడం చాలా టెన్షన్ పని.

పీడీఎఫ్‌కు డిఫాల్ట్‌గా వాడే పీడీఎఫ్‌లేటెక్‌తో తెలుగు రాదు. కాన్ఫ్ ఫైల్లో (conf.py) లేటెక్ ఇంజన్‌ను జీలేటెక్‌కు (xelatex) మార్చి, నోటో సెరిఫ్ తెలుగు ఫాంటు ఇవ్వండి. స్క్రిప్ట్ తెలుగు అని ఆ ఫాంటు సెట్టింగులో చెప్పడం మరవొద్దు, లేకపోతే ఒత్తులు విడిపోయి వస్తాయి. కోడ్ బ్లాకులకు వేరే ఫాంటు ఉంటుంది కాబట్టి అందులోని తెలుగు కామెంట్లు ఖాళీగా రావచ్చు. మేం కోడ్ బ్లాకులో తెలుగు పెట్టకుండా, వివరణను దాని కిందే రాస్తాం.

ఇవన్నీ అయ్యాక వార్నింగులను ఎర్రర్లుగా మార్చే ఆప్షన్‌తో బిల్డ్ చేయండి. స్ఫింక్స్ 8.1 కంటే పాతదైతే కీప్ గోయింగ్ కూడా జత చేయండి, మొదటి దాని దగ్గరే ఆగదు. అప్పటికీ ఏదైనా మిగిలితే ఆ వార్నింగ్ మొత్తం లైనును, అది చూపిస్తున్న చోట ముందున్న రెండు మూడు లైన్లతో సహా ఇక్కడ పెట్టండి. చాలాసార్లు తప్పు ఆ పై లైన్లలోనే ఉంటుంది.