నెట్‌లో మంచి మార్కులొస్తే పీహెచ్‌డీ ఇంటర్వ్యూ లాంఛనమేనా?

సీఎస్ఐఆర్ నెట్ (సైన్స్ సబ్జెక్టుల జాతీయ అర్హత పరీక్ష) లైఫ్ సైన్సెస్‌లో మంచి మార్కులొచ్చాయి, ఇంకా ఇంటర్వ్యూకి టెన్షన్ పడాలా అని అడిగారు. పడక్కర్లేదు గానీ గట్టిగా ప్రిపేరవ్వాలి. నేనూ ఇదే సబ్జెక్టులో పీహెచ్‌డీ చేశాను.

2024 నుంచి నెట్‌లో మూడు కేటగిరీలు. జేఆర్ఎఫ్ (పరిశోధనకి ఇచ్చే ఫెలోషిప్) వచ్చినవాళ్లకి యూనివర్సిటీల్లో అడ్మిషన్ ఇంటర్వ్యూ మీదే. మిగతా రెండు కేటగిరీలకి నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. ఫెలోషిప్ చేతిలో ఉంది కదా అని ఇంటర్వ్యూని తేలిగ్గా తీసుకునే జేఆర్ఎఫ్‌లను చాలామందిని చూశాను. నిజానికి అందరికంటే ఎక్కువగా భయపడాల్సింది వాళ్లే.

మీది జేఆర్ఎఫ్ కాకపోతే ఒక లెక్క చూడండి. 200కి మీకంటే 10 మార్కులు ఎక్కువ వచ్చినవాడికి మీ మీద ఉండే ఆధిక్యం మూడున్నర పాయింట్లే. వందకి వేసే ఇంటర్వ్యూలో అతనికంటే 12 మార్కులు ఎక్కువ తెచ్చుకుంటే మీరే ముందుంటారు. ఐఐటీలు, ఐఐఎస్‌సీల పద్ధతి వేరు, వాటి నోటిఫికేషన్ విడిగా చదవండి.

ఇక అడిగేదంతా మీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు చుట్టూనే తిరుగుతుంది. నన్ను వెస్టర్న్ బ్లాట్‌లో (శాంపిల్లో ఒక ప్రొటీన్ ఎంతుందో చూసే పద్ధతి) లోడింగ్ కంట్రోల్ ఏం వాడావన్నారు, అంటే శాంపిళ్లన్నీ సమానంగా వేశానని దేనితో సరిచూశావని. కణాల్లో మామూలుగా ఒకే స్థాయిలో ఉండే బీటా ఆక్టిన్ అనే ప్రొటీన్ అన్నాను. "మీరిచ్చిన మందుకి ఆక్టినే మారిపోతే?" అన్నారు వెంటనే. అది పుస్తకంలో చదివి చెప్పే జవాబు కాదు. కాసేపు ఆలోచించి, ప్రొటీన్లు అంటుకున్న మెంబ్రేన్‌కి పాన్సో స్టెయిన్ (ప్రొటీన్లన్నిటికీ పట్టే రంగు) వేసి టోటల్ ప్రొటీన్ పోల్చి చూస్తానన్నాను. అక్కడినుంచి అది ప్రశ్నల వర్షంలా కాక మామూలు చర్చలా సాగింది. తెలియనిది అడిగినప్పుడు మీ బుర్ర ఎటు వెళ్తుందో వాళ్లకి కావాలి, ఎందుకంటే ఏళ్ల తరబడి మీతో పనిచేయాల్సింది వాళ్లే.

బాగా చెప్పినా సీటు రాలేదని బాధపడేవాళ్లకి ఒక మాట. యూజీసీ నిబంధనల ప్రకారం ఒకే సమయంలో ప్రొఫెసర్ 8 మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందిని మాత్రమే గైడ్ చేయగలరు. మీకు నచ్చిన టాపిక్‌లో గైడ్‌కి ఖాళీ లేకపోతే ఇంటర్వ్యూ ఎంత బాగా చేసినా కష్టమే. అందుకని అప్లై చేసే ముందే డిపార్ట్‌మెంట్ ఖాళీల జాబితా చూసి, ఇద్దరు ముగ్గురు ప్రొఫెసర్ల తాజా పేపర్లు చదివి, వాళ్లకి మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి.